తాళపత్రములకు ఛాయాప్రతులు: పాటింపదగిన ప్రమాణములు

(ముత్తుకూరు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన కులమువారి యిండ్ల అటకలమీద నేటికిని తాటాకుకట్టలు గలవు. కొన్ని పురాణములు, కొన్ని వైద్యములు, కొన్ని భూముల లెక్కలు. కృష్ణపట్టణపు రేవు దాపుననున్న యీ యూర ఉప్పుగాలియు తేమయు వానికి శత్రువులు, పురుగు మూడవది. సభానిధిలో కొంత వీనికి ఛాయాప్రతులు తీయించుటకు వినియోగింపదలచుట ముదావహము. అయితే ఎట్లు తీయవలయునో నిశ్చయింపక పని మొదలిడరాదు.

ఫోనుతో తీసి వాట్సాపులో పంపిన చాలునని కొందఱు యువకులు చెప్పుచున్నారు. వారి యుత్సాహము మెచ్చదగినదే. కాని యట్లు పంపిన పటము కుదింపబడును. అందు మొదట నశించునవి మన యొత్తులు.

తాటాకు వ్రాత గంటముతో గీసినది. మసి పూసినగాని అక్షరము చక్కగా కానరాదు. మసి వెలసిన యాకును ఎదుటి వెలుతురున తీసిన నేమియు తెలియదు. దీపమును ప్రక్కనుండి వాలుగా ప్రసరింపజేసినచో గీతల పల్లములందు నీడ పడి అక్షరములు లేచి నిలుచును. నలుపుతెలుపులుగా మాత్రమే తీసినచో మరకయు మసియు నొక్కటియై, పురుగు తొలిచిన రంధ్రము సున్నగా భ్రమింపజేయును. భూమి లెక్కలో సున్న యొకటి పెరిగిన నేమగునో వ్యవహారజ్ఞులకు చెప్పనక్కఱలేదు. ఈ శతాబ్దారంభమున భారత డిజిటల్ లైబ్రరీ పేర వేలకొలది తెలుగు పుస్తకములు అంగుళమునకు 600 చుక్కల చొప్పున నలుపుతెలుపులందే తీయబడినవి. అచ్చుపుస్తకములకు అది మహోపకారము, తాటాకునకు చాలదు.

2023లో అమెరికా ప్రభుత్వసంస్థలు మూడవమారు వెలువరించిన నియమములందు ఒకటి మొదలు నాలుగు నక్షత్రములవఱకు శ్రేణులున్నవి. మనకు వలయున దింతే: అంగుళమునకు 400 చుక్కలకు తగ్గరాదు, ఆకు ప్రక్కన కొలబద్దయు రంగుల పట్టికయు నుండవలయును, మూలపటము కుదింపని టిఫ్ రూపమున నుండవలయును. చదువరులకు జేపెగ్ చాలును. రంగుల పట్టిక యేలయందురా? పసుపు ఆకుదో దీపముదో రేపటివాడు దానిచేతనే గదా తెలిసికొనుట!

బ్రౌను దొర (1798–1884) పండితులచే ప్రతులను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. మనమును ఏనాటి పటముల నానాడే ఆకులతో సరిచూడవలయును. వ్రాతలేని యాకులు, పలకలు సైతము విడువరాదు. పటము తీసితిమిగదా యని కట్టలను ఏటిలో విడుచుట మాత్రము మేమెన్నటికిని సమ్మతింపము.

ప్రతులు మూడుండవలయును, ఒకటి తీరమునకు దూరముగా నుంపుడు. కట్టలున్నవారు సభానంతరమున కార్యదర్శిగారికడ పేర్లు వ్రాయింపుడు. తెచ్చునపుడు త్రాడు విప్పకుడు. ఆకుల వరుస తప్పును.