అరకు కొండల కాఫీ – సహకార ధర్మము



తిరుపతి, చిత్తూరు ప్రాంతముల ఇండ్లలో తెల్లవారినది మొదలు ఫిల్టరులో డికాక్షను దిగుచుండును. ఆ కాఫీ ఎక్కడ పండినది, పండించినవానికి దక్కినదెంత అను ప్రశ్న మాత్రము అరుదుగా పుట్టును. విశాఖపట్టణమునకు ఎగువన, తూర్పు కనుమలలో, ఆ ప్రశ్న వేసికొని ఉత్తరము వెదకిన చిన్న రైతులు కలరు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. 2022లో నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది చేరినది. భగత, కొండదొర మొదలగు గిరిజనులు అచ్చట పోడు కొట్టి రాగులు, సామలు పండించుకొనెడివారు. ఆ కనుమలలో కాఫీ మొక్కను 1898లో పాములేరు లోయయందు బ్రోడీ అను ఆంగ్లేయుడు నాటించెనని చెప్పుదురు. స్వాతంత్ర్యానంతరము అటవీశాఖ తోటలు వేసినది. క్రమముగా గిరిజనుల సొంత భూములకును ఆ పంట వచ్చినది. కుటుంబమునకు ఎకరమో, రెండెకరములో. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకొన్న మిరియపు తీగ.

మొక్క వచ్చినది గాని ధర రాలేదు. రైతు పండుకాయను, పచ్చికాయను కలిపి దూసి, వాకిట ఎండబోసి, సంతలో దళారికి కొలిచి యిచ్చెడివాడు. తూకము దళారిది, ధర దళారిది, ముందిచ్చిన అప్పును దళారిదే. 1956లో వెలసిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల ఫలసాయమును తానే కొనుటకు పూనుకొని ఈ పట్టును కొంత సడలించినది. పిమ్మట ఈ శతాబ్దమున, నాంది ఫౌండేషను తోడ్పాటుతో, చిన్న సన్నకారు గిరిజన రైతులే సభ్యులుగా పరస్పర సహాయక సహకార సంఘ మేర్పడినది.

సంఘము నేర్పిన విద్య వినుటకు స్వల్పము, ఆచరించుటకు కష్టము. ఎర్రగా పండిన కాయనే ఏరవలెను. పచ్చికాయను కొమ్మకే విడిచి మరల రావలెను. కోసిననాడే తొక్క తీయవలెను. గింజపై జిగురు పులిసి విడిపోవువరకు ఉంచి, కడిగి, మెల్లగా ఆరబెట్టవలెను. ఒక్కరి గంపలోని పచ్చికాయ అందరి బస్తాల రుచిని చెరచును. కావున పొరుగువాని శ్రద్ధయే తన ధరయని ప్రతి రైతును గ్రహింపవలసివచ్చెను. 2017లో ప్యారిస్ నగరమున అరకు పేరనే కాఫీ అంగడి తెరువబడినది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

అంతటితో పరీక్షలు తీరలేదు. 2025లో ఆ తోటలలో కాయతొలుచు పురుగు కనబడినది. రాలిన కాయలనెల్ల ఏరి నాశనము చేయనిచో అది తోటనుండి తోటకు పాకును. తన గట్టువరకే చూచుకొను రైతు దాని నాపజాలడు.

ఈ వృత్తాంతము చిత్తూరు సీమకు దూరపుకథ కాదు. అదే 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కూలినప్పుడు గుజ్జు పరిశ్రమల వాకిళ్ళయెదుట ట్రాక్టర్లు బారులు తీరినవి. ప్రభుత్వము కిలోకు 4 రూపాయల సాయము ప్రకటింపవలసివచ్చెను. ఎండిన కాఫీగింజ కొంతకాలమాగును, పండిన మామిడి ఆగదు. కావున మామిడి రైతునకు సంఘబలము మరింత అవసరము, దానిని కూర్చుటయు మరింత కష్టము. సహకారమను పేరొక్కటే రక్షింపదనుటకును ఈ సీమయే సాక్షి: చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినది. లెక్క అందరికి తెలియవలెను; బయటి వర్తకుడు ఒక రూపాయి ఎక్కువ చూపిననాడును సభ్యుడు సంఘమును విడువరాదు. ఈ రెండును లేనిచోట సంఘము బోర్డుపై అక్షరములుగా మిగులును.

ఇరువదియైదేండ్లు నిలిచిన ఈ గ్రంథాలయమున ఆ గుణము ఇదివరకే కలదు. తరువాత చదువువాని కొరకు పుస్తకమును చెరపక తిరిగి యిచ్చువాడు సహకారమునందు తొలిపాఠము నేర్చినవాడే. ఆ పాఠము పఠనమందిరము గడప దాటి మామిడి తోపులకును చేరినచో ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.