పెద్ద నోట్లు – చెల్లుబడి



నోటునకు విలువ నిచ్చునది కాగితము గాదు, చట్టము. 1934వ సంవత్సరపు రిజర్వు బ్యాంకు చట్టము 26వ విభాగము ప్రకారము బ్యాంకు నోటు దేశమంతటను బాకీ తీర్చుటకు చెల్లును. కేంద్ర ప్రభుత్వము దానికి పూచీ. బ్యాంకు పాలకమండలి సిఫారసుపై ఆ చెల్లుబడిని తొలగించు నధికారమును ప్రభుత్వమున కా విభాగమే యిచ్చినది.

పెద్ద నోట్ల రద్దు మన దేశమున మూడుమార్లు జరిగినది. యుద్ధకాలపు దొంగలాభములను వెలికి దీయుటకై 1946 జనవరి 12వ తేదీన 500, 1,000, 10,000 రూపాయల నోట్లను రద్దు చేసిరి. 1978 జనవరి 16వ తేదీన 1,000, 5,000, 10,000 రూపాయల నోట్లు రద్దయినవి. అంత పెద్ద నోటు సామాన్య రైతు చేతికి వచ్చుటయే నాడరుదు. 2016 నవంబరు 8వ తేదీ నడిరేయి నుండి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లకపోయినప్పుడు స్థితి వేరు. చలామణిలోని నోట్ల విలువలో నూటికి 86 పాళ్లు ఆ రెండే. డెల్టాలో వరికోతల కాలము. కూలి యిచ్చుటకు చిల్లర లేదు. ధనికుని పెట్టెలోని నోటు అప్పటికి కూలివాని ముల్లెలోని నోటైనది.

నేనెరిగిన యొక వృద్ధురాలు మనుమరాలి పెండ్లికని భోషాణములో కొన్ని నోట్లు దాచెను. బ్యాంకులలో జమకట్టు గడువు డిసెంబరు 30వ తేదీతో ముగిసినది. ఆమె వానిని బయటకు దీసినది సంక్రాంతికి. ఆమె యెవరిని మోసగింపలేదు. వార్త సకాలమున ఆమెకు చెప్పినవారు లేరు, అంతియే.

రద్దు వేరు, ఉపసంహరణ వేరు. 2023 మే 19వ తేదీన రిజర్వు బ్యాంకు 2,000 రూపాయల నోటును ఉపసంహరించుచు, చెల్లుబడి మాత్రము పోలేదని ప్రకటించినది. బ్యాంకులలో మార్పిడి ఆ యేడు అక్టోబరు 7వ తేదీతో ఆగినది. పిమ్మట హైదరాబాదు మొదలగు రిజర్వు బ్యాంకు కార్యాలయములకు, తపాలా ద్వారానైనను, పంపు నేర్పాటు చేసిరి. కనుక అట్టి నోటు దొరికినచో చించివేయకుడు, సగము ధరకు దళారికి ఈయకుడు.

చెల్లు నాణెమును నిరాకరించుటయు తప్పే. పది రూపాయల నాణెములు పదునాలుగు రూపులలో వచ్చినవి. అన్నియు చెల్లునని 2018లో రిజర్వు బ్యాంకు స్పష్టము చేసినది. అయినను అంగళ్లలో వానిని త్రోసిపుచ్చిన సంగతి మీ రెరుగుదురు.

పెద్దలారా, ఇంట ముసలివారు దాచిన ముల్లె నేడాదికొకమారైనను విప్పించి చూడుడు. వదంతి విన్ననాడు బజారును గాక బ్యాంకును అడుగుడు. చదువరులైన మీరు చదువురాని పొరుగువారికి ఆ మాట చేరవేసినచో, ఒక కుటుంబపు కష్టార్జితము నిలుచును.