బొద్దు పిల్లలూ, సాయంత్రపు ఆటలూ



పిల్లవాడు బొద్దుగా ఉంటే మురిసిపోయి దిష్టి తీయడం మన ఇళ్ళలో మామూలే. వాడి మెడ వెనకాల, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే మాత్రం మురికి అనుకుని శనగపిండి పెట్టి రుద్దుతాం. ఎంత రుద్దినా పోదు. లావుగా ఉన్న పిల్లల్లో చాలామటుకు అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని తెలిపే గుర్తు. సబ్బు మార్చి లాభం లేదు. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. పరగడుపున చక్కెర 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 దాకా ఉంటే మధుమేహానికి ముందు మెట్టన్న మాట. చిన్నపిల్లలకు షుగరేమిటండీ అంటారేమో! 2016-18లో దేశమంతటా జరిగిన పోషకాహార సర్వేలో బడి వయసు పిల్లల్లో పదిమందికి ఒకరు ఈ మెట్టు మీదే ఉన్నారని తేలింది.

ఇది వినగానే అన్నం తగ్గించేద్దామనిపిస్తుంది. ఎదిగే పిల్లల కడుపు మాడ్చకండి. కూల్‌డ్రింకులూ, బేకరీ సరుకులూ మానిపించండి, చాలు. ఆ తర్వాత పని కాళ్ళూ చేతులది. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఆట ఆగాక కూడా ఇంచుమించు ఒక రోజు దాకా ఇన్సులిన్ మాట బాగా వింటుంది. అందుకే బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఆడే పిల్లవాడికి మేలు జరుగుతూనే ఉంటుంది. నెల తిరక్కుండానే తూకం చూసి, "ఏం లాభం?" అని మానిపించే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగే ఆట కావాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒక్కసారిగా అక్కర్లేదు, విడతలుగానైనా సరే. మన వరంగల్లులో చోటుకేం తక్కువ? భద్రకాళి చెరువు కట్ట ఉంది, వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది. అంతదూరం వెళ్ళలేకపోతే మేడ మీద తాడాట, వాకిట్లో తొక్కుడుబిళ్ళ.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. బతుకమ్మ తొమ్మిది రోజులూ అలుపు లేకుండా తిరిగే పిల్లను మిగతా ఏడాదంతా ట్యూషను గదిలో కూర్చోబెడతాం. పెద్దమనిషయితే ఆ కాస్త ఆటా బంద్. ఇది నాకు బొత్తిగా నచ్చదు. సరిగ్గా ఆ వయసులోనే ఇన్సులిన్ పట్టు సహజంగా కొంత సడలుతుంది. ఆట ఎక్కువ కావలసింది అప్పుడే!

లావు పిల్లలు ఆటకు వెనకాడేది బద్ధకంతో కాదు, తోటివాళ్ళ ఎగతాళికి జడిసి. ఇంట్లోవాళ్ళం కూడా పేర్లు పెట్టి పిలిస్తే వాళ్ళిక గడప దాటరు. మొదటివారం పది నిమిషాలు చాలు, పక్కన మీరూ నడవండి. ఆయాసపడితే కూర్చోనివ్వండి. ఇప్పటికే ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లలైతే మాత్రం ఆటకు ముందు ఏం తినాలో, ఎంతసేపు ఆడాలో డాక్టరును అడిగే మొదలుపెట్టండి.