జ్వరం గోలీ – మింగే తీరు



పైరుకు మందు చెప్పే మనిషి మనుషుల మందు గురించి మాట్లాడ వచ్చినాడేమని మీరనుకోవచ్చు. మందు రాయడం నా పని కాదు, అది డాక్టరుగారి పని. వారు రాసిచ్చిన మందును ఇంటికి తెచ్చుకొని మనం ఏం చేస్తున్నామన్నదే ఈవేళ ముచ్చట.

నేను తిరిగేది సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊళ్ళలో. ఒక వానాకాలం, నాట్లు అయిపోయిన పిమ్మట, ఒక రైతుకు విడువని జ్వరం పట్టింది. మొలతాడు కింద చుట్ట కాల్చినట్లు నల్లని పొక్కు ఉన్నది. దవాఖానలో పరీక్ష చేసి స్క్రబ్ టైఫస్ అన్నారు. గట్ల మీద, పొదలలో ఉండే కంటికానని పురుగుపిల్ల కుట్టడం వల్ల వచ్చే జ్వరమిది. మిరపతోటలో నల్లిని మీరెరుగుదురు గదా, ఇదీ ఆ కోవకు చెందినదే. డాక్టరుగారు డాక్సీసైక్లిన్ గొట్టం గోలీలు రాసినారు. నూరు మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు దినాలకు పదునాలుగు.

మడి నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి, కాళ్ళ పగుళ్ళలోంచి ఒంట్లోకి చేరే ఎలుక జ్వరానికి కూడా చాలాసార్లు ఇదే మందు ఇస్తారు. అందువలన మన ఇండ్లలోకి ఈ గోలీ తరచు వస్తున్నది.

మా రైతు ఏం చేసినాడో వినండి. మొదటి రాత్రి నీళ్ళు లేకుండానే గోలీ మింగి నడుము వాల్చినాడు. తెల్లవారేసరికి ఎదలో మంట, గుటక పడదు. "సారూ, గోలీ కాదు, నిప్పుకణిక మింగినట్టుంది" అన్నాడు నాతో. నిజమే. ఈ మందు ఆహారనాళంలో అతుక్కొని కరిగితే అక్కడ పుండు పడుతుంది. కూర్చొని గాని నిలబడి గాని నిండు గ్లాసెడు నీళ్ళతో మింగవలెను. మింగిన తరువాత అరగంట, వీలయితే గంట, పండుకోరాదు. రాత్రి గోలీ పక్క ఎక్కేటప్పుడు కాక, బువ్వ తినగానే వేసుకుంటే ఈ బాధ లేదు. కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది.

అయితే పాలు, పెరుగు, మజ్జిగ గోలీతోపాటు వద్దు. వాటిలోని సున్నం మందును పట్టుకొని ఒంటికి అందనీయదు. ఆడవారు వాడే ఇనుము గోలీలు, కడుపుమంటకు తాగే తెల్లమందు కూడా అంతే. వీటికీ దానికీ రెండు మూడు గంటల ఎడం ఉంచండి. కల్లు సంగతి అడిగేవారుంటారు. ఆ ఏడు దినాలు చెట్టును మరచిపోండి, మరేం నష్టం లేదు.

మనకు ముఖ్యమైనది ఇంకొకటి. ఈ మందు వాడేటప్పుడు ఎండకు తోలు త్వరగా కమిలిపోతుంది. ఇంటిపట్టున ఉండేవారికి ఇది చిన్న మాట, మనకు కాదు. నిండు చేతుల అంగీ, తలకు రుమాలు వేసుకొని, మిట్టమధ్యాహ్నం పని మానండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడో దినాన జ్వరం దిగింది. "నయమయింది గదా" అని గోలీలు ఆపి, మిగిలిన ఎనిమిదింటినీ పక్కింటామెకు ఇచ్చినాడు. ఆమె బిడ్డ పుట్టింటికి వచ్చి జ్వరంతో పడి ఉన్నది. ఆమెకు అయిదో నెల! ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చినాడు. నేను రైతును పలకరించ పోయి, మాటల్లో ఈ సంగతి విని, అటే పక్కింటికి నడిచినాను. అదృష్టవశాన ఆ పిల్ల ఇంకా మింగలేదు. కడుపులోని శిశువు పళ్ళకు, ఎముకలకు ఈ మందు చేటు చేయవచ్చు. ఆశా కార్యకర్త ఆమెను వెంటనే దవాఖానకు తీసుకుపోతే, పరీక్ష చేసి వేరే మందు ఇచ్చినారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పవలెను. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరుగారే తేల్చాలి, మనం కాదు.

మిగిలిన ఎనిమిది గోలీలు తిరిగి మా రైతు చేతికే వచ్చినవి. డాక్టరుగారిని అడిగితే, పూర్తి చేయవలసిందే అన్నారు. జ్వరం దిగినా క్రిమి లోపల మిగిలి ఉండవచ్చు, మళ్ళీ తిరగబెట్టవచ్చు. ఒక పూట మరచిపోతే గుర్తు రాగానే వేసుకోండి. తరువాతి గోలీ వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయండి గాని రెండూ కలిపి మింగకండి. రెండు మూడు దినాలకు కూడా జ్వరం దిగకపోతే మళ్ళీ దవాఖానకు పోవలసిందే. ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనబడితే మందు ఆపి 108కి ఫోను చేయండి.

పాత గోలీలు దాచి, జలుబు చేసినప్పుడల్లా మింగే అలవాటు మనలో ఉన్నది. మామూలు జలుబుకు ఈ మందు ఏమీ చేయదు. 1987-88లో కోస్తా జిల్లాల పత్తి చేలల్లో పచ్చపురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగకపోవడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పదేపదే కొట్టగా కొట్టగా, చావనివే మిగిలి పిల్లలు పెట్టినవి. మన ఒంటి క్రిముల సంగతీ అంతే. కాలం తీరిన టెట్రాసైక్లిన్ జాతి మందులు మూత్రపిండాలను చెరిచిన ఉదంతాలు కూడా ఉన్నవి. పాత గోలీలు దూడలకు, కోళ్ళకు వేయకండి. నెమరువేసే పశువు పొట్టలో గడ్డిని అరిగించే మంచి క్రిములుంటాయి, అవి చస్తే మేత అరగదు. పశువు జబ్బుకు పశువైద్యుడున్నాడు.

అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేనిదే కొనరాదని గుర్తు. మందుల దుకాణంలో చీటీ అడిగితే కోపం తెచ్చుకోకండి.

మా రైతు ఏడు దినాలూ పూర్తి చేసినాడు. ఇప్పుడు గట్లు చెక్కేటప్పుడు నిండు బట్టలు వేసుకుంటాడు. ఇంటికి రాగానే వాటిని వేడినీళ్ళలో వేసి, స్నానం చేసి గాని మంచం మీద కూర్చోడు. ఆ పక్కింటి అమ్మాయికి కొడుకు పుట్టినాడు. సెలవు.