డీజిల్ ఇంజను బేరింగులు

పైరు పొట్టకు వచ్చిన వేళ నీరు తోడు ఇంజను ఆగినచో రైతు గుండె ఆగినట్లే. అందుచే క్రాంకుషాఫ్టు బేరింగులను విప్పినపుడు తొందర కూడదు.

పాత షెల్లుపై గీతలున్నచో నూనెలో మట్టి చేరినదని గ్రహింపవలెను. కారణము సరిచేయక క్రొత్తవి వేసిన అవియు నట్లే చెడును. షాఫ్టు జర్నలును మైక్రోమీటరుతో రెండు దిశల కొలువవలెను. 75 మిల్లీమీటర్ల జర్నలునకు సందు సామాన్యముగా తలవెండ్రుక మందమంతయే, సుమారు 0.075 మిల్లీమీటరు, కచ్చితమైన కొలత ఇంజను పుస్తకములో నుండును.

షెల్లు వీపు పొడిగా నుండవలెను; నూనె లోపలి ముఖమునకే. షెల్లు రంధ్రము బ్లాకులోని నూనెదారికి కలియనిచో కొద్ది నిమిషములలోనే లోహము కరగును. మూతలను తారుమారు చేయక, అంచెలంచెలుగా బిగించి, షాఫ్టును చేతితో త్రిప్పి చూడుడు. బిగిసినచో మరల విప్పుడు. ఆ గంట జాప్యమే పంటను కాపాడును.