హోమరు పద్యము: నడక, నుడికారము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక కవి తన కథానాయకుని "వేగపాదుడు" అని కీర్తించును. ఆ నాయకుడు అలిగి, యుద్ధము మాని, ఓడల చెంత కదలక కూర్చుండి యుండును. అప్పుడును కవి యతనిని "వేగపాదుడైన అఖిల్లెవుస్" అనియే పిలుచును. ఇది పొరపాటా? అలవాటా? లేక దీనికొక కారణము కలదా? హోమరు పేర వెలసిన ఇలియడ్, ఒడిస్సీ అను గ్రీకు మహాకావ్యములను చదివినవారిని ఈ ప్రశ్న చిరకాలము వేధించినది. దీనికి సమాధానము ఆ పద్యపు నడకయందే యున్నది.

ఇలియడ్‌లో సుమారు 15,700 పాదములును, ఒడిస్సీలో సుమారు 12,100 పాదములును కలవు. అన్నిటికిని ఛందస్సు ఒక్కటే. దానికి హెక్సామీటరు అని పేరు. అనగా ఆరు గణముల పాదము. తెలుగు ఛందస్సు నెరిగినవారికి దీని లక్షణమును గ్రహించుట కష్టము కాదు. గ్రీకు పద్యమును గురులఘువుల మీదనే నడచును. కందపద్యమునందు గగ, భ, జ, స, నలములను నాలుగు మాత్రల గణములు కలవు గదా! వానిలో గగము, భగణము వంటి రెండు గణములే గ్రీకు పాదమున కానవచ్చును. మొదటి నాలుగు చోట్లను ఈ రెంటిలో ఏదైనను రావచ్చును. ఐదవది చాలవరకు భగణమే. ఆరవది రెండక్షరములది, దాని తుది యక్షరము గురువైనను లఘువైనను చెల్లును. కావున పాదమునకు 12 మొదలు 17 వరకు అక్షరములుండును. ప్రాసనియమము లేదు; అక్షరమైత్రి గల వడి లేదు. కాని దాదాపు ప్రతి పాదమునందును మూడవ గణము నడుమ ఒక పదము ముగియును. అది సంస్కృత ఛందస్సునందలి విరామయతి వంటిది.

ఇట్టి పద్యమును గాయకుడు సభ యెదుట నిలిచి, కథ నల్లుచు, తడబడక పాడవలెను. చేత తాళపత్రము లేదు. ఆలోచించుటకు వ్యవధి లేదు. పాదాంతమున రెండు గణముల చోటు మిగిలినచో "దీయొస్ అఖిల్లెవుస్" అనును. అనగా దివ్యుడైన అఖిల్లెవుస్. మరి రెండు లఘువుల చోటు అధికముగా నున్నచో "పొదస్ ఓకుస్ అఖిల్లెవుస్" అనును, వేగపాదుడనుట అదియే. ఒదుస్సెవుస్ అను వీరుని పేరును ఇదే కొలతది. కావున చిన్న చోటున అతడును "దివ్యుడే". పెద్ద చోటున మాత్రము "బహుయుక్తిశాలి". విశేషణము ఆ క్షణమున వీరుడు చేయు పనిని బట్టి కాక, అతని స్వభావమును, పద్యమున మిగిలిన చోటును బట్టి వచ్చుచున్నది.

ఈ మర్మమును సోదాహరణముగ స్థాపించినవాడు అమెరికా పండితుడు మిల్మన్ పారీ (1902–1935). ఇంత చక్కని యమరిక ఒక్క కవి కల్పించినది కాజాలదనియు, తరతరముల గాయకులు కూర్చిన సొత్తనియు 1928లో పారిస్ నగరమున సమర్పించిన సిద్ధాంతవ్యాసమున నిరూపించెను. పిమ్మట 1933–35 నడుమ నాటి యుగోస్లావియాకు పోయి, జీవించియున్న గాయకుల పాటలను సేకరించెను. వారిలో అవ్దో మెజెదోవిచ్ అనునతడు చదువను వ్రాయను రానివాడు, వృత్తిచే మాంసవిక్రేత. అతడు 1935లో ఒక్క కథనే 12,000 పైచిలుకు పాదములలో చెప్పి వ్రాయించెను. అక్షరజ్ఞానము లేనివాడు మహాకావ్యము చెప్పజాలడను భ్రమ దానితో తొలగినది.

హోమరు భాషయు ఇట్టిదే. అది ఏ యూరివారును నిత్యము మాటలాడిన భాష కాదు. అయోనియా మాండలికము దానికి ఆధారము. అయోలియా రూపములు అందు కలిసినవి. "ఉండుట" అను ఒక్క క్రియకే ఐదు రూపములు కలవు. వాని కొలతలు వేరువేరు. ఏది సరిపడిన దానిని గాయకుడు వాడును. "అనక్స్" అనగా రాజు. పూర్వము ఆ పదమునకు ముందు వకారముండెడిది. పలుకుబడిలో అది లోపించినను, అది యున్నట్లే పద్యము నడచు తావులు పెక్కు కలవు. 1952లో మైకేల్ వెంట్రిస్ చదివిన ప్రాచీన మృత్ఫలకములలో ఆ వకారము స్పష్టముగా కనబడినది. నోరు మరచిన ధ్వనిని ఛందస్సు మరువలేదు.

అట్లయిన కవి ప్రతిభ యేమైనట్లు? ఇలియడ్ 22వ సర్గమును చూడుడు. హెక్టరు భార్య ఆంద్రొమాఖే యుద్ధమునుండి మరలివచ్చు భర్తకు స్నానమునకై పెద్ద కాగును నిప్పుపై నెక్కింపుడని దాసీలను ఆజ్ఞాపించును. వేడినీటి స్నానము ఆ కావ్యములలో పరిపాటిగా వచ్చు ఘట్టమే. కాని హెక్టరు అప్పటికే హతుడు, ఆమె యెరుగదు. వాడుకపడిన మాటలే ఇచ్చట గుండెను కోయును. సామగ్రి అందరిది, దానిని ఎచ్చట నిలుపవలెనో ఎరుగుట కవిది.

పారీ శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రకటించిన గ్రంథమున మరియొక హెచ్చరిక చేసెను. గాయకుడు అచ్చుపుస్తకములోని పాఠమే ప్రమాణమని కంఠస్థము చేయ మొదలిడినచో, ఆశువుగా అల్లు శక్తి నశించునట. పుస్తకము హోమరును రక్షించినది. పాటను స్థిరపరచి, ఆ విద్యకు ముగింపును తెచ్చినదియు పుస్తకమే. గ్రంథాలయమునకు రజతోత్సవము జరుపు గ్రామము ఈ రెండు సత్యములను మనసున నుంచుకొనవలెను. బీరువాలోని పుస్తకమును బిగ్గరగా చదివి పదిమందికి వినిపించవలెను. పల్నాటి వీరుల కథ వంటి కథలను నోట నిలిపికొన్న వృద్ధులు ఊర నున్నచో, వారిని పిలిచి పాడించి, వ్రాసికొనవలెను. అక్షరము రాని ఆ కంఠమును గౌరవించినప్పుడే అక్షరాలయము సార్థకమగును.