యంత్రావధానము



గోదావరి పొంగిన రాత్రి మన మన్యపు సరిహద్దు గ్రామములలో పెద్దలకు నిద్ర పట్టదు. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినవి. పూర్వము టముకువాని కేకకై చెవి యొగ్గెడివారము; నేడు మనుమడు సెల్‌ఫోనులో నొక పుట తెరచి చూపుచున్నాడు. పెక్కుచోట్ల నీటిమట్టము లా పుటలోనికి ఒక్కమారుగా నెట్లు వచ్చి చేరునో మనవి చేసెదను.

అట్టి పుట నొకదానిని మనమే నిర్మింపవలసివచ్చిన దనుకొందము. ఎగువన కాళేశ్వరము, పాతగూడెము, పేరూరు, తాలిపేరు, దుమ్ముగూడెము. దిగువన శబరి కలియు కూనవరము. శబరి పోటెత్తినచో భద్రాద్రివద్ద నీరు త్వరగా దిగదు గనుక దానిని గూడ నడుగక తప్పదు. ఒక్కొక్క జవాబునకు 2 సెకండ్లు పట్టు ననుకొనుడు. ఒకటి వచ్చినపిదప మరియొకటి యడిగినచో 12 సెకండ్లు. ఆరు ప్రశ్నలను వెంటవెంటనే పంపినచో రమారమి రెండే. అన్నిటికంటె మందకొడి జవాబున కెంతసేపో మొత్తమున కంతసేపు.

ఇందులకు ఆరుగురు పనివారు కావలెనా? అక్కరలేదు. మన యష్టావధాని యొక్కడే గదా! సమస్య నిచ్చినవానికి ఒక పాదము చెప్పి దత్తపదివానికడకు పోవును. నడుమ గంటలు లెక్కించును. అప్రస్తుతప్రసంగికి బదులు పలుకును. ఎవరి పద్య మెచ్చట నిలిచినదో జ్ఞప్తియం దుంచుకొని, వాని వంతు రాగానే అచ్చటినుండియే సాగించును. జావాస్క్రిప్టు అను యంత్రభాషలోని కార్యక్రమ మిట్లే నడచును. 2015 నాటి నిర్ణయముతో ఆ భాషలో 'ప్రామిస్' అనునది చేరినది. జవాబు వచ్చునని, లేదా రాలేదని తెలియునని యిచ్చు వాగ్దానము. అయితే యిచట కలిసివచ్చునది నిరీక్షణకాలము మాత్రమే. యంత్రము తానే చేయవలసిన పెద్దలెక్క యున్నచో ఈ యుపాయము ఫలింపదు.

త్వరపడి వేయి ప్రశ్నల నొక్కసారి గుమ్మరించుటయు తగదు. అవతలి యంత్రము ఉక్కిరిబిక్కిరి యగును. కొన్నిటిని మాత్రము పంపి, ఒక జవాబు చేరగానే మరియొక ప్రశ్నను వదలవలెను.

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. వానకు తాలిపేరు తంతి తెగిన దనుకొనుడు. 'ప్రామిస్ డాట్ ఆల్' అను పద్ధతిలో ఒక్క ప్రశ్న విఫలమైనచో మొత్తము విఫలమని తేలును. తక్కిన యైదు జవాబులు వచ్చియు మన చేతికందవు. పేరూరులో నీరెక్కుచున్నను పుట తెల్లగానే యుండును! తొందరకొలది నిర్మించువారు దీనినే వాడుదురు. వరదపుటకు నేను దీనిని మెచ్చను. 2020లో 'ఆల్ సెటిల్డ్' అను వేఱొక పద్ధతి నిర్ణయములో చేరినది. ఇది ప్రతి ప్రశ్నయు ఫలించుటయో విఫలమగుటయో తేలువరకు ఆగి, దేని ఫలితమును దానికే విడిగా నప్పగించును. పలుకకయే యుండిపోవు ప్రశ్నకు మాత్రము ఒక గడువును మనమే విధింపవలెను. లేకున్న దానికొఱకు అన్నియు నిలిచిపోవును.

గడువు దాటిన తాలిపేరు గడిలో సున్న వేయరాదు. అది చూచి చర్ల దారిని బండి కట్టువాడు కట్టును. "జవాబు రాలేదు, కడపటి లెక్క సాయంకాలము 6 గంటలది" అని వ్రాయవలెను. తక్కిన యైదింటి యెదుటను, ఏ గంట లెక్కయో ఆ గంట వేయవలెను.